చూసే కన్ను, కాచే కన్ను

ఇల్లు కట్టేటప్పుడు దిష్టిబొమ్మ కట్టడం మనకు తరతరాలుగా వస్తున్న ఆచారం. ఇల్లు పూర్తయ్యాక సీసీ కెమెరా బిగించడం కొత్తగా వచ్చిన ఆచారం. రెండింటి ఉద్దేశమూ ఒకటే, పరాయివాళ్ల కన్ను మన ఇంటిమీద పడకూడదని. కాకపోతే, దిష్టిబొమ్మకు ఎంత పెద్ద కళ్లు గీసినా పాపం అది ఏమీ చూడదు. కెమెరా చూస్తుంది. చూసింది దాచుకుంటుంది. అడిగితే సముద్రాల అవతల ఉన్నవాళ్లకు కూడా చూపిస్తుంది!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. ఇప్పుడు అక్కడి వీధుల్లోనూ ఈ కొత్త కళ్లు కనిపిస్తున్నాయి. తప్పు పట్టగలమా? భర్త సింగరేణిలో నైట్ షిఫ్టుకు వెళ్తే, భూపాలపల్లిలో చంటిపిల్లతో ఒంటరిగా ఉన్న ఇల్లాలు వీధి గుమ్మాన్ని ఒకసారి ఫోన్లో చూసుకుని నిశ్చింతగా పడుకుంటుంది. ఆ నిద్ర విలువ తెలియనివాళ్లే ఎగతాళి చేస్తారు.

బిగించడం కూడా ఇప్పుడు సులువే. ఇదివరకులా గదిగదికీ వైర్లు లాగనక్కర్లేదు. ఫోన్లో ఆప్ వేసుకుని, ఇంటి వైఫై పేరూ పాస్‌వర్డూ ఇచ్చి, ఫోన్ మీద వచ్చే గళ్ల బొమ్మను కెమెరాకు చూపిస్తే చాలా రకాలు కలిసిపోతాయి. వీటిలో ఎక్కువ వాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫైయే కావాలి. 5 గిగాహెర్ట్జ్ కన్నా వేగం తక్కువే గాని, గోడలు దాటడంలో అదే మేలట. గోడలు దాటడం! చిక్కంతా ఆ మాటలోనే ఉంది. ఇంటి గుట్టు బయటికి పోకూడదనే కదా మనం గోడ కట్టుకున్నది?

మన జిల్లాలు పుట్టిన ఆ అక్టోబరులోనే, 21వ తేదీన, మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము అమెరికాలో పేరుమోసిన వెబ్‌సైట్లను గంటల తరబడి స్తంభింపజేసింది. దానికి సైన్యం ఎవరనుకున్నారు? కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చకుండా వదిలేసిన కెమెరాలూ, రౌటర్లూ! 2025లో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరా దృశ్యాలు బజారుకెక్కినప్పుడు, ఆ ఆడవాళ్ల పరువు ఎవరు తిరిగి తెచ్చి ఇవ్వగలిగారు? కాబట్టి కెమెరా బిగించిన రోజే పాస్‌వర్డు మార్చండి. దొంగకోసం తాళం వేసి, తాళంచెవి గుమ్మానికే తగిలించే ఇల్లాలు ఉండదు కదా!

అయితే బయటి దొంగ సంగతి అలా ఉంచండి. మన ఇంటివాళ్లను మనం చూడడానికి మనకున్న హక్కెంత?

జనగామలో మా దూరపు బంధువు, పెద్దమ్మ వరసావిడ, ఒంటరిగా ఉంటుంది. డల్లాస్‌లో ఉన్న కొడుకు హాల్లో కెమెరా పెట్టించాడు. ఓసారి ఆవిడ జారిపడితే అక్కడినుంచే చూసి, పక్కింటివాళ్లకు ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో మనుషులొచ్చారు. కెమెరా లేకపోతే తెల్లారేదాకా అలాగే పడి ఉండేది. ఆ పెద్దమ్మే నాతో అంది:

“పిలగాడికి నా రంది బిడ్డా, కాదనను. కానీ రోజూ మాపటికి మీ పెదనాయన ఫొటో ముందర కూసుండి నాలుగు మాటలు చెప్పుకునేదాన్ని. ఇప్పుడు నోరు వస్తలేదు.”

కొడుకుది తప్పా? కాదు. తల్లిది చాదస్తమా? అదీ కాదు. ప్రాణం కాపాడిన కన్నే, ఆ ప్రాణానికి మిగిలిన ఒక్క ముచ్చటనూ తీసేసుకుంది. ఇక్కడ ఎవరి మాట చెల్లాలి? ఇల్లు ఎవరిదో, బతుకు ఎవరిదో వాళ్ల మాటే చెల్లాలని నేనంటాను. ఆమె ఆర్పుకోగలిగితే అది కాపలా. ఆర్పుకోలేకపోతే ఎంత ప్రేమతో పెట్టినా అది పహరాయే. ఆర్పుకున్న ఆ గంటలోనే ఆమె జారిపడితే? ఆ భయం కొడుకు భరించాల్సిందే. చిన్నప్పుడు వాణ్ణి వీధిలోకి ఆటలకు పంపి ఆ తల్లీ అంత భయమూ భరించింది.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పారు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టమూ వచ్చింది. కానీ సొంత, ఇంటి అవసరాలకు వాడుకునేదాన్ని ఆ చట్టం తన పరిధిలోంచి తప్పించింది. అంటే మన గుమ్మం లోపల మన మర్యాదే మనకు ముఖ్యమైన చట్టం. మన కెమెరా పక్కింటి పెరట్లోకి తిరిగి ఉందేమో చూసుకోవాల్సింది మనమే. పనిమనిషికి “ఇదిగో, ఇక్కడ కెమెరా ఉంది” అని ముందే చెప్పాల్సిందీ మనమే.

కెమెరా ఉంటే మనుషులు బుద్ధిగా ఉంటారంటారు. ఉంటారు, నిజమే. కానీ కెమెరాకు జడిసి దొంగతనం మానినవాడిని జాగ్రత్తపరుడనాలి గాని మంచివాడనలేం. కరెంటు పోతే ఇద్దరి తేడా తెలిసిపోతుంది.

జనగామ జిల్లా బమ్మెర పోతన ఊరు. ఆయన ప్రహ్లాదుడు నమ్మిన దేవుడు లేని చోటు లేదు. అంతటా ఉన్నవాడు అన్నీ చూస్తాడన్న ఆలోచనకు మనమెవరమూ ఉలిక్కిపడం. ఎందుకంటే ఆయన చూసినదాన్ని పదిమందికి చూపించడు. అన్నీ చూసి కడుపులో దాచుకోగలిగినవాడికే అన్నీ చూసే అర్హత. మనకంత కడుపు లేదు గనుక, కొంచెం తక్కువగా చూడడమే మనకు మర్యాద.