కొనే ఉద్దేశం లేని టెస్ట్ డ్రైవ్

వ్యాపారంలో మోసం అనగానే మనకు అమ్మేవాడే గుర్తుకొస్తాడు. తూకం తగ్గించేవాడు, కల్తీ చేసేవాడు, సరుకులోని లోపాన్ని దాచేవాడు! దైవప్రవక్త (సఅసం) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలిన సంఘటన, ఆ తడిని పైకి కనబడనీయనందుకు వ్యాపారిని ఆయన మందలించిన తీరు జుమా ప్రసంగాల్లో మనం ఎన్నోసార్లు విన్నాము. కాని కొనడానికి వచ్చినవాడు కూడా మోసం చేయగలడన్న సంగతిని మాత్రం మనం అంతగా పట్టించుకోము.

నేడు కొందరు యువకుల్లో ఒక అలవాటు కనిపిస్తోంది. కొనే స్తోమతగాని, ఆలోచనగాని లేకుండానే ఖరీదైన కార్ల షోరూముకు వెళ్ళడం, కొంటామని నమ్మించి టెస్ట్ డ్రైవ్ తీసుకోవడం, ఆ కారు ప్రక్కన ఫొటో దిగి నలుగురికీ పంపడం. “ఉచితమే కదా! కంపెనీయే రమ్మంటోంది కదా! ఎవరికేం నష్టం?” అని వారు అంటారు. ఇందులో నిజంగా ఎవరికీ నష్టం లేదా?

ముందుగా ఒక విషయం స్పష్టం కావాలి. కొనేముందు వస్తువును పరీక్షించడం కొనుగోలుదారుని హక్కు. చూడకుండా కొన్న వస్తువును చూసిన తర్వాత నిరాకరించే హక్కును హనఫీ ధర్మశాస్త్రవేత్తలు గుర్తించారు. కారు నడిపి చూశాక నచ్చలేదనో, బడ్జెట్‌కు మించిందనో తిరిగి వస్తే అందులో ఏ దోషమూ లేదు. ఇంకా తేల్చుకోలేక, రెండు మూడు కార్లు నడిపి చూసేవారిదీ తప్పు కాదు. పరీక్ష అంటేనే కాదనే అవకాశం ఉండాలి. ఇక్కడ ప్రశ్న నచ్చకపోవడం గురించి కాదు, మొదటి నుంచే లేని ఉద్దేశాన్ని ఉన్నట్లు చెప్పడం గురించి.

19వ శతాబ్దంలో ఉస్మానియా ప్రభుత్వం హనఫీ సూత్రాల ఆధారంగా రూపొందించిన ‘మజల్లా’ అనే న్యాయసంహిత ఈ రెండు స్థితులనూ వేరు చేసింది. ధర మాట్లాడుకుని, కొనే ఉద్దేశంతో తీసుకున్న వస్తువు చేతిలో ఉండగా నశిస్తే తీసుకున్నవాడే బాధ్యుడు. కేవలం చూడడానికి తీసుకున్న వస్తువు మాత్రం అతని వద్ద అమానత్. అతని తప్పు లేకుండా నశిస్తే అతనిపై భారం లేదు, కాని హద్దు మీరి వాడితే ఆ రక్షణ పోతుంది. గమనించండి, రెండింటిలోనూ వస్తువు యజమాని అనుమతితోనే చేతికి వస్తుంది. ఆ అనుమతి దేనికోసం ఇచ్చాడన్నదే ముఖ్యం. షోరూము యజమాని తాళంచెవి ఇచ్చింది కొనబోయేవాడు పరీక్షించుకోవడానికి. అబద్ధం చెప్పి పొందిన అనుమతి అసలైన అనుమతి ఎలా అవుతుంది?

ఇక నష్టం సంగతి చూద్దాం. పెట్రోలు, టైర్ల అరుగుదల కంపెనీ భరిస్తుందనుకుందాం. మరి సేల్స్ ఉద్యోగి సమయం? చాలాచోట్ల అతని సంపాదన అమ్మిన కార్లపైనే ఆధారపడి ఉంటుంది. మనం వినోదానికి తీసుకున్న ఆ గంట అతని ఇంటి రొట్టెలోని ముక్క. ‘ముతఫ్ఫిఫీన్’ సూరా తాను తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని ఇతరులకు తక్కువ ఇచ్చేవారిని హెచ్చరించింది. కొలత అంటే గింజలకే కాదు, మనిషి శ్రమకూ, కాలానికీ ఉందని మనం గ్రహించాలి.

నష్టపోయేవాడు మరొకడు కూడా ఉన్నాడు. సరదాకు వచ్చేవారు ఎక్కువైనకొద్దీ, సిబ్బంది బట్టలు, చెప్పులు చూసి మనిషిని అంచనా వేయడం మొదలుపెడతారు. 2022 జనవరిలో కర్ణాటకలోని తుమకూరులో వాహనం కొనడానికి వెళ్ళిన ఒక రైతును షోరూము సిబ్బంది అవమానించారన్న వార్త దేశమంతటా చర్చనీయాంశమైంది. వేషం చూసి మనిషిని తూచడం అమ్మేవాని తప్పు, సందేహం లేదు. అయితే అబద్ధపు కొనుగోలుదారు కూడా ఆ అనుమానానికి ఎరువు వేస్తాడు. దాని ఫలితం అనుభవించేది నిజాయితీగా వచ్చిన సాదాసీదా మనిషి.

రోడ్డు మీది వారి హక్కు అన్నిటికన్నా పెద్దది. 2021 మార్చిలో మన దేశంలో విడుదలైన బి.ఎం.డబ్ల్యు. ఎం340ఐ సెడాన్‌నే తీసుకోండి. చెన్నై ప్లాంటులో తయారైన ఈ కారు షోరూము ధర అప్పట్లో 62 లక్షల 90 వేల రూపాయలు, ఇంజన్ శక్తి 387 హార్స్‌పవర్. కదలకుండా ఉన్న కారు 4.4 సెకన్లలో గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ వేగంలో సెకనుకు సుమారు 28 మీటర్లు దాటిపోతాము. కళ్ళు చూసి, కాలు బ్రేకుకు చేరేలోపే అంత దూరం గడిచిపోతుంది. వేగం రెండింతలైతే ఢీకొనే శక్తి నాలుగింతలవుతుంది. చిన్న కారు నడిపిన చేతికి ఇది కొత్త గుర్రం. దాని బలాన్ని చూడాలన్న తహతహతోనే ఎక్కినవాడు ఊరి రోడ్డు మీద పాదాన్ని ఎంతసేపు నిగ్రహించుకోగలడు? 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం వాటిలో 70 శాతానికి పైగా అతివేగం వల్ల జరిగిన మరణాలే. రోడ్డు దాటే వృద్ధునికి, స్కూటరు మీద పిల్లలతో వెళ్ళే తల్లికి మన టెస్ట్ డ్రైవ్‌తో ఏ ఒప్పందమూ లేదు.

చివరిది మన సొంత మనసు. అరగంట ఆ సీటులో కూర్చుని ఇంటికి వస్తే, నిన్నటిదాకా చాలిన బండి ఈరోజు చిన్నబోతుంది. అక్కడి నుంచి వడ్డీ అప్పు దాకా దారి ఎంత దూరం? లేని హోదాను ఫొటోలో చూపించుకోవడం మరో జబ్బు.

అలాగని మంచి యంత్రాన్ని ఇష్టపడడం పాపమని ఎవరూ అనరు. ఉన్నది ఉన్నట్లు చెప్పండి: “అన్నా, ఇప్పుడు కొనే పరిస్థితి లేదు, ఈ కారు గురించి తెలుసుకోవాలని ఉంది. మీకు తీరిక ఉంటే చూపిస్తారా?” అతను సంతోషంగా ఒప్పుకుంటే అది మీకు హలాలైన ఆనందం, రేపటి గిరాకీపై ఆశతో అతను ఒప్పుకోవచ్చు కూడా. వద్దంటే సలాం చెప్పి వచ్చేయండి. వేగమే కావాలనుకునేవారికి చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరు దగ్గర రేసింగ్ ట్రాకులున్నాయి. అక్కడ డబ్బు కట్టి, శిక్షకుని పర్యవేక్షణలో నేర్చుకోవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. కుమారుడు షోరూముకు వెళతానంటే “ఎంత వేగం వెళుతుంది?” అని అడిగే ముందు “వాళ్ళతో ఏమని చెప్పావు బేటా?” అని అడగండి. మన జేబులో ఎంత ఉందో సేల్స్ ఉద్యోగికి తెలియకపోవచ్చు, మన నియ్యత్ ఏమిటో అంతకన్నా తెలియదు. హృదయాల్లోనిది ఎరిగిన అల్లాహ్‌కు మాత్రం రెండూ తెలుసు. అమ్మేటప్పుడూ, కొనేటప్పుడూ, కేవలం చూసేటప్పుడూ సత్యం పలికే భాగ్యాన్ని ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.