యాత్రికుని మూట

యాత్రకు బయలుదేరు గృహస్థు మొట్టమొదట చేయు పని మూట కట్టుట. ఏది వెంట తీసికొని పోవలెను, ఏది ఇంట విడిచిపెట్టవలెను అను విచారము అప్పుడే ఆరంభమగును. పైకి ఇది అల్పవిషయముగ తోచినను, దీనిలోపల ఒక ధర్మసూక్ష్మము దాగియున్నది.

పెద్దపల్లి జిల్లాలోని రామగుండము, గోదావరిఖని ప్రాంతమున ఈ విచారమునకు నేడు క్రొత్త రూపము వచ్చినది. సింగరేణి బొగ్గుగనుల నీడలో పెరిగిన ఆ పట్టణముల నుండి ఏటేట ధర్మపురి నరసింహునికి, కొండగట్టు అంజన్నకు, భద్రాద్రి రామునికి, తిరుమల శ్రీనివాసునికి యాత్రలు సాగుచునేయుండును. హనుమద్దీక్ష పూని కాలినడకన పోవువారును కలరు. తండ్రుల కాలమున గుడ్డసంచి, దుప్పటిచుట్ట, ఇత్తడిచెంబు, కుటుంబముతో పోవునపుడు ఇనుపపెట్టె. కుమారుల కాలమున వీపునకు తగిలించుకొను పలుచని నైలాన్ సంచి, మడిచినచో పిడికిట ఇమిడిపోవు వానకోటు, దూదివలె తూగు చెప్పులు. ఇది చూచి ఇంటి పెద్దలు కొందరు నొచ్చుకొందురు. "మోయనివానికి మొక్కెక్కడిది? స్వామి కడకు షికారు పోయినట్లు పోవుదురా?" అందురు. "బాపూ, వీపున బరువు తగ్గినచో మనసు స్వామిపై నిలుచును గదా!" అని కుమారుడు బదులు చెప్పును. ఇద్దరి మాటయు సగమే.

ఈ తేలిక సామగ్రికి పుట్టినిల్లు పాశ్చాత్యదేశములు. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ, జర్మనీలోని ఫ్రెడ్రిక్స్‌హాఫెన్, మ్యూనిక్ మున్నగు నగరములలో, కొండదారుల నడచువారికి వలయు క్రొత్త వస్తువులను వర్తకులు పెద్ద ప్రదర్శనలు పెట్టి చూపుచు వచ్చిరి. అక్కడ వస్తువు గొప్పతనమును గ్రాములతో కొలుతురు. సిలికాన్ పూసిన నైలాన్ గుడ్డ సంచి, టైటానియము గిన్నె, డైనీమా అను నారతో చేసిన డేరా. టైటానియము అదే పరిమాణము గల ఉక్కుకంటె ఇంచుమించు సగము బరువు మాత్రమే తూగును. డైనీమా నార, తూకమునకు తూకము చూచినచో, ఉక్కుకంటె ఎన్నో రెట్లు దృఢమైనది. తిండి, నీరు, ఇంధనము మినహాయించి తక్కిన మూట 10 పౌండ్లకు, అనగా సుమారు నాలుగున్నర కిలోలకు లోబడినచో దానిని 'అల్ట్రాలైట్' అని వ్యవహరింతురు. ఆ లెక్కకు లోబడుటకై పళ్ళు తోముకొను కుంచె పిడిని సగమునకు కోసివేయువారును కలరట! వినినవారికి నవ్వు వచ్చును. కాని ఆ నడకరులు చెప్పుకొను మాట ఒకటి ఆలోచింపదగినది: మూటలో అవసరమునకు మించి చేరిన ప్రతి వస్తువు వెనుకను ఒక భయముండునట. చలి భయము, ఆకలి భయము, లేమి భయము. మూట విప్పి చూచినచో మనుష్యుని మనస్సు విప్పి చూచినట్లే.

ఆ దేశముననే 1955వ సంవత్సరమున ఎమ్మా గేట్‌వుడ్ అను 67 ఏండ్ల వృద్ధురాలు, పదునొకండుగురు బిడ్డల తల్లి, అప్పలాచియన్ పర్వతమార్గమున సుమారు 3,300 కిలోమీటర్లు ఒంటరిగ నడచెను. ఆమె చేతనున్నది తాను కుట్టుకొన్న ముతకగుడ్డ సంచి. కాళ్ళకు మామూలు కాన్వాసు బూట్లు. వానకు అడ్డము స్నానపుగది తెర. డేరా లేదు. ఆమె తేలికను అంగడిలో కొనలేదు, విడిచిపెట్టుట చేత పొందినది. నేడు ఆ తేలికయే సరకైనది. ఎంత తక్కువ తూగునో అంత ఎక్కువ వెల. ఇంట నాలుగు సంచులుండగా ఐదవది మరికొంత తేలికయని కొనువాని వీపు తేలికపడినను ఇల్లు బరువెక్కును. అపరిగ్రహమును డబ్బిచ్చి కొనుట సాధ్యమా అని ఆ కుమారుని అడుగవలసియున్నది.

ఇక పెద్దల మాట. మోతయే పుణ్యము, శ్రమయే మొక్కు అను భావము మన ఇండ్లలో గాఢముగ నాటుకొన్నది. దీనికి తిరుమల సంప్రదాయమే సమాధానము చెప్పుచున్నది. భగవద్రామానుజులకు మేనమామయైన తిరుమలనంబి, శ్రీవారి అభిషేకమునకై ప్రతిదినము పాపవినాశనము నుండి జలకుంభమును మోసికొని వచ్చుచుండెను. ఒకనాడు స్వామియే వేటగాని రూపున దారిలో ఎదురై, "తాతా, దాహము" అని అడిగి, ఆ నీరు త్రాగివేసి, వృద్ధుడు వగచుచుండగా బాణముతో కొండను కొట్టి దగ్గరనే ఆకాశగంగను పుట్టించెనని ఐతిహ్యము. కష్టమే స్వామికి ప్రియమైనచో ఆ దారిని కురుచ చేయనేల? వృద్ధుని భుజమును చూచి జాలిపడినవాడు స్వామి. రామానుజులు మోకాళ్ళతో కొండ ఎక్కిరను కథయు అట్టిదే. ఆయన నొప్పిని కోరి ఎక్కలేదు. ఆదిశేషుని శరీరమైన ఆ కొండపై పాదము మోపుటకు మనసొప్పక ఎక్కెను.

కావున మూట బరువా తేలికయా అను ప్రశ్నతో విచారము ముగియదు. దించిన బరువు ఎక్కడికి పోయినది, దానిని ఎవరు ఎత్తుకొనిరి అను ప్రశ్న మిగిలియున్నది. ఈ ప్రశ్నకు గోదావరిఖని కంటె మంచి పాఠశాల లేదు.

రామగుండమను పేరునకే రామునితో సంబంధము చెప్పుదురు. వనవాసమున స్వామి ఇచ్చట నిలిచెనని, రాముని గుండాలే ఊరికి పేరైనవని అచ్చటివారి నమ్మకము. ఆ వనవాసమునకు బయలుదేరినపుడు రాముని మూటలో నున్నదేమి? అయోధ్యాకాండమున దీనికి సమాధానము గలదు. రాజ్యము, రథములు, భూషణములు అన్నియు విడిచిన రాముడు, పదునాలుగేండ్ల అడవి బ్రతుకునకు రెండు వస్తువులను తెప్పింపుమని అడిగెను: ఖనిత్రము, పిటకము. అనగా త్రవ్వు సాధనము, గంప. అంతకు పూర్వమే లక్ష్మణుడు, వింటితోపాటు ఆ రెంటిని తాను మోయుచు, దారి చూపుచు ముందు నడచెదనని అన్నను వేడుకొని యుండెను. వైష్ణవ సంప్రదాయమున కైంకర్యమునకు లక్ష్మణుడే మేలుబంతి. ఆయన కైంకర్యము చామరముతో కాదు, గంపతోను పలుగుతోను మొదలైనదని చదువరులు గమనింపవలెను.

గోదావరిఖనిలో ఈ రెండు వస్తువులను ఎవరికిని వర్ణించి చెప్పనక్కరలేదు. తట్ట, చెమ్మస్. వీనితోడనే కోల్ ఫిల్లర్ల తరములు భూగర్భమున బ్రతికినవి. పేల్చిన బొగ్గును చెమ్మస్‌తో తట్టకెత్తి, తట్టను నెత్తికెత్తి, టబ్బులో కుమ్మరించుట వారి పని. నిండిన టబ్బుల లెక్కయే కూలి లెక్క. బాయిలో గాలి తక్కువ, వేడి ఎక్కువ, పైకప్పుపై ఎప్పుడును ఒక కన్ను. పిమ్మట బొగ్గును ఎత్తిపోయు యంత్రములు దిగినవి, ఓపెన్‌కాస్టు గనులు పెరిగినవి, తట్ట మూలబడినది. మెడనరములు బ్రతికిపోయినవి. దీనిని నిందించువాడు తట్ట మోసినవాడు కాడు. అయినను మరియొక లెక్కయు గలదు. 1990 ప్రాంతమున లక్షకు పైబడియున్న సింగరేణి ఉద్యోగుల సంఖ్య, ఒప్పంద కార్మికులను విడిచి చూచినచో, నేడు నలుబదివేల పరిసరమునకు తగ్గినది. తట్ట దిగిన నెత్తిమీద దిగులెక్కిన ఇండ్లును ఆ వాడలలో ఉన్నవి.

గనికార్మికుని నడుమునకు వ్రేలాడు వస్తువులు రెండింటిని కూడ ఇచట తలచుకొనవలెను. ఒకటి టోపీదీపము. పూర్వపు దీపమునకు సీసము, ఆమ్లము గల బ్యాటరీ నడుమున కట్టుకొనవలసియుండెను. అది రెండు కిలోలకు పైబడిన బరువు. ఆమ్లము చింది బట్టలు, చర్మము కాలుటయు కద్దు. ఇప్పటి లిథియం బ్యాటరీ దీపము కొలది వందల గ్రాములే. షిఫ్టంతయు వంగి నడచువాని నడుమునుండి ఆ బరువును దించిన విద్య పుణ్యవిద్యయే. రెండవది సెల్ఫ్ రెస్క్యూయర్ అను చిన్న డబ్బా. గనిలో నిప్పు రగిలి విషవాయువు కమ్మినపుడు దానిని నోట కరచుకొని శ్వాసించుచు బయటపడవలెను. ఇంచుమించు కిలో బరువుండు ఆ డబ్బా ఏండ్ల తరబడి నడుమునకు ఊరక తగులుచుండును. ఏనాడును అక్కరకు రాకపోవుటయే అందరి కోరిక. దానిని దించి పోయిన తేలికగా నుండును గదా అని ఏ తల్లియు కొడుకుతో చెప్పదు. దించదగిన బరువు, దించరాని బరువు ఒకే నడుమునకు ప్రక్కప్రక్కనే కట్టియున్నవి.

శరణాగతిని గూర్చి మాటలాడునపుడు ఈ భేదము మరచుట వలన చిక్కులు వచ్చును. శ్రీవైష్ణవ ఆచార్యులు ప్రపత్తికి 'భరన్యాసము' అనియు పేరు పెట్టిరి. బరువును దించి స్వామి పాదములకడ ఉంచుట అని దాని అర్థము. వేదాంతదేశికులు దీనినే విషయముగ న్యాసదశకము, న్యాసవింశతి రచించిరి. కోతిపిల్ల తల్లిని తాను పట్టుకొనవలెనా, పిల్లికూనవలె తల్లియే నోట కరచుకొని పోవునా అని పెద్దలు వాదించుకొనిరే గాని, మోయునది తల్లియే యనుటలో ఇరుతెగలకు భేదము లేదు. అచట దించుమన్నది ఆత్మరక్షణ భారమును, 'నన్ను నేనే తరింపజేసికొందును' అను అహంకారమును. కర్తవ్యమును దించుమనలేదు. ప్రపన్నుడైన గనికార్మికుడును రెస్క్యూయరు కట్టుకొనియే బాయి దిగును.

మరి లోకమున కొందరు దించుకొన్న బరువులు ఎవరిపై పడుచున్నవో చూడుము. 1944లో మొదటి ఘాట్ రోడ్డు ఏర్పడుటకు పూర్వము, నడువలేని వృద్ధులతోపాటు నడువనొల్లని సంపన్నులును డోలీలలో తిరుమల ఎక్కుచుండిరి. వారి యాత్ర తేలిక, బోయీల భుజము బరువు. నేటి తేలిక సామగ్రిలోను ఇట్టిది లేకపోలేదు. చలిప్రదేశముల పడకసంచులలో బాతుల మెత్తని రొమ్ముఈకలు నింపుదురు. బ్రతికియున్న పక్షి నుండి ఈకలు పీకరాదను నియమముతో 2014లో ఒక ప్రమాణపద్ధతి ఏర్పడినది. అట్టి నియమము కావలసివచ్చెననగా అంతకు ముందు జరిగినదేమో ఊహింపవచ్చును. వైష్ణవగృహస్థు సంచి తూకము చూచుటకు ముందు అది దేనితో నిండినదో అడుగుట మంచిది. 2,600 మెగావాట్ల రామగుండము విద్యుత్కేంద్రము నుండి పోవు తీగెలు బరువు తెలియని వెలుగును ఎన్ని ఊళ్ళకో చేర్చుచున్నవి. దానికి కావలసిన బరువును ఆ చుట్టుప్రక్కలనే ఎవరో షిఫ్టు వెంట షిఫ్టు మోసియున్నారు.

ఇంతదూరము పోనేల? అలిపిరి వద్ద చూచినచో చాలును. అచ్చట సామాను అప్పగించినచో దేవస్థానము వారు ఉచితముగ కొండపైకి చేర్చుదురు. సుమారు 3,550 మెట్లు రిక్తహస్తములతో ఎక్కవచ్చును. ఇది మొక్కునకు లోపము కాదని పై ఐతిహ్యమే చెప్పుచున్నది. కాని అదే మెట్లపై మరియొక దృశ్యము తరచు కనబడును. భర్త వీపున క్రొత్త తేలిక సంచి, చేతులు ఊపుకొనుచు ముందు నడచును. వెనుక ఇల్లాలి చంకలో పసివాడు, చేత పాలసీసా, నీళ్ళ డబ్బా, అత్తగారి చెప్పులు. తూకపురాతితో తూచినచో అతని మూట అల్ట్రాలైటే. ఆ ప్రక్కనే, ముసలితల్లి మూటను తన సంచిలో కుక్కుకొని, ఆమె చేయి పట్టుకొని మెట్టుమెట్టునకు ఆగుచు ఎక్కు కుర్రవాడును ఉండును. అతని సంచియు అదే నైలాన్‌ది, ఒకే అంగడిలో కొన్నదే కావచ్చును.

గీతాపారాయణము చేయు ఒక పేదబ్రాహ్మణుని కథ భక్తులలో ప్రసిద్ధము. తొమ్మిదవ అధ్యాయమున స్వామి, తననే నమ్మినవారి యోగక్షేమమును తాను మోసెదనని చెప్పినచోట ఆ బ్రాహ్మణునికి సందేహము కలిగెను. జగన్నాథుడు మోయుటయేమి, ఇచ్చుననిన చాలదా అని తలచి, గంటముతో ఆ పదమును గీచివేసి, భిక్షకై ఊరిలోనికి పోయెను. ఇంతలో నల్లని బాలుడొకడు ధాన్యపు మూటను వీపున మోసికొని ఆ ఇంటికి వచ్చెను. వాని వీపున నెత్తురు గీత. "ఎవరు కొట్టిరి నాయనా?" అని ఇల్లాలు తల్లడిల్లగా, "మీ ఇంటి అయ్యగారే గీచిరి" అని చెప్పి వెడలిపోయెను. ప్రొద్దుగూకినపుడు భర్త వట్టిచేతులతో వచ్చి, మూటను చూచి, భార్య మాట విని, తాళపత్రమును విప్పి, ఆ పదముపై వ్రేలుంచి చాలసేపు కూర్చుండెనట.