ఎవరి పెట్టె విప్పాలి?

అనుమానించడం కూడా ఒక ఉద్యోగమే. కస్టమ్స్ వాళ్లకి దానికి జీతం ఇస్తారు. మనం ఇంట్లో జీతం లేకుండా చేస్తుంటాం!

నవ్వులకేం గాని, వాళ్ల చిక్కు నిజంగా చిక్కే. విశాఖ రేవులో దిగే ప్రతి కంటైనరూ విప్పి చూస్తూ కూర్చుంటే పళ్లు కుళ్లిపోతాయి, మందులు వేళకి ఆసుపత్రి చేరవు. ఏదీ విప్పకపోతే దొంగ సరుకు దర్జాగా ఊళ్లోకి నడిచొస్తుంది. అందుకే మన దేశంలో 2005లో రిస్క్ మేనేజ్‌మెంట్ పద్ధతి మొదలుపెట్టారు. సరుకేమిటి, ఏ దేశానిది, తెప్పించినవాడి పాత నడవడి ఎలాంటిది, ఇవన్నీ కంప్యూటరు బేరీజు వేస్తుంది. ముప్పు లేదని తోస్తే సాధారణంగా విప్పకుండానే వదిలేస్తారు. ఉందని తోస్తే తనిఖీ తప్పదు.

అన్నం ఉడికిందా లేదా అని ఒక్క మెతుకు పట్టి చూడమా అంటారేమో. నిజమే. కానీ కుండలో మెతుకులన్నీ ఒకే మంట మీద ఉడికాయి. మనుషులు అలా కాదు కదా!

కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లి, నాలుగేళ్లు ఎవరి ఇంట్లోనో గిన్నెలు తోమి, కూతురి పెళ్లికని రెండు గాజులు చేయించుకొచ్చే ఒక తల్లిని ఊహించండి. కిందటి వారం అదే విమానంలో ఎవరో బంగారంతో పట్టుబడ్డారనుకోండి. ఈవిడ పెట్టె విప్పాలా, వద్దా?

విప్పడం తప్పని నేననను. కానీ ఎప్పుడూ ఇలాంటివాళ్ల పెట్టెలే విప్పుతూ పోతే, దొరికే దొంగలంతా వాళ్లలోనే దొరుకుతారు. ఖరీదైన సూట్‌కేసు పట్టుకున్న పెద్దమనిషి పెట్టె విప్పనే లేదు గనక అందులో తప్పు కనిపించదు. "చూశారా, నా అనుమానం నిజమే!" అంటుంది లెక్క. అందుకే ఏ అనుమానమూ లేని సరుకుని కూడా చీటీ తీసినట్టు అప్పుడప్పుడు ఎంచుకుని చూడాలని ఈ పద్ధతిలోనే పెట్టారు. దండగమారి పనిలా ఉంటుంది గాని, అనుమానానికి అదే కళ్లెం.

ఆ కళ్లెం ఎందుకంటారా? 1962 నాటి కస్టమ్స్ చట్టం 123వ సెక్షను చూడండి. దొంగచాటుగా వచ్చిందని తగిన కారణంతో నమ్మి అధికారి బంగారం పట్టుకుంటే, అలాంటిది కాదని రుజువు చేసుకునే భారం మామూలుగా అది ఎవరి దగ్గర దొరికిందో వాళ్లదే. అధికారి అనుమానం అంత బరువైనది! రసీదు పోగొట్టుకున్న తల్లి ఏం చేస్తుంది?

ఇక మన ఇంటి సంగతి. వెండి గ్లాసు కనిపించకపోతే ముందు పనిమనిషి సంచీ వైపే చూస్తాం. పండక్కొచ్చిన మేనల్లుడి సూట్‌కేసు వైపు చూడం. మన దగ్గర చీటీ తీసే కంప్యూటరు కూడా లేదాయె.

అనుమానం రాకుండా ఎవరూ ఉండలేరు. వచ్చినప్పుడు మనిషి కట్టుకున్న చీర చూసి కాక, జరిగిన పని చూసి అడగొచ్చు. ఏమీ దొరకనప్పుడు "ఏమీ అనుకోకమ్మా" అని ఒక్క మాట అనొచ్చు. ఆ మాటకి ఏ దేశంలోనూ సుంకం లేదు.