త్రాసు పట్టుటకు ముందు



రాగి వెన్ను గట్టిపడు వేళకు బన్నేరుఘట్ట అడవుల నుండి ఏనుగులు తళి, జవళగిరి మీదుగా మన డెంకణికోట ప్రాంతమునకు దిగివచ్చుట మీరెరుగనిది కాదు. ఒక్క రాత్రిలో ఏడాది కష్టము మట్టిపాలగును. రైతు ఏమి చేయవలెను? కరెంటు లైను నుండి దొంగచాటుగా తీగ లాగి గట్టున కట్టవలెనా? మంచె వేసి రాత్రులు కావలి కాయవలెనా?

తూచి నిర్ణయింతమందురు. మంచిదే. 1970 దశకమున థామస్ సాటీ అను గణితవేత్త ఇందుకొక పద్ధతి చెప్పెను. ప్రమాణములను రెండేసి చొప్పున ఎదురెదురుగా నిలిపి, ఏది ఎంత ముఖ్యమో 1 మొదలు 9 వరకు అంకెలతో చెప్పవలెను. పంట ధనమునకు మూడింతలు, ధనము శ్రమకు రెండింతలు అన్నవాడు పంట శ్రమకు సుమారు ఆరింతలని ఒప్పుకొనవలెను. లేనిచో మరల ఆలోచింపవలెను.

మనకిది బొత్తిగా క్రొత్త మాట కాదు. ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రము ఐదవ అధ్యాయమున అర్పితము, అనర్పితము అని చెప్పిరి. వస్తువునకు గల అనేక ధర్మములలో సందర్భమును బట్టి ఒకటి ముందు నిలుచును. తక్కినవి వెనుక నుండును గాని లేకపోవు.

అయినను ఒక చిక్కు కలదు. నూటికి జీవరక్షకు 40, ఖర్చు తగ్గుటకు 30, శ్రమ తగ్గుటకు 30 పాళ్లు ఇచ్చితిమనుకొందము. తీగకు జీవరక్షలో సున్న, తక్కిన రెంటిలో నిండుగా: మొత్తము 60. కావలికి 40, 10, 5: మొత్తము 55. తీగయే గెలిచినది! కూడికలో తప్పు లేదు. ప్రాణమునకు బదులు పైకము చెల్లునని ముందే ఒప్పుకొనుటలో తప్పున్నది.

అణువ్రతము త్రాసులో వేయు రాయి కాదు. త్రాసు పట్టుటకు ముందు గీచిన గీటు. సేద్యమున తప్పని ఆరంభహింస వేరు. మీదపడు ఏనుగు నుండి ప్రాణము కాపాడుకొనుట వేరు. చంపునని తెలిసియు తీగ కట్టి, ఇంట నిద్రించుట సంకల్పహింస. ఆ తీగకు ఏనుగనియు, చీకటిలో చేనికి వచ్చిన పొరుగువాడనియు భేదము లేదు.

కనుక తీగను మొదటనే తీసివేయుడు. కావలి, కందకము, ప్రాణము తీయని సౌరశక్తి కంచె, వీనిని తూచుడు. ఫలితము చూచి పాళ్లు మార్చకుడు. అది ముల్లుపై లోభము మోపిన వ్రేలు.

తుదకొక మాట. ఈ గీటు ఖరీదు రైతు ఒక్కడే మోయరాదు. పట్టణమున కూర్చుండి అహింస యను మనము కంచె ఖర్చులో పాలు పంచుకొననిచో, పరుల చేనిపై వ్రతము పట్టినవారమగుదుము.

జై జినేంద్ర.