పరుగు, వేగం, భావన

పద్నాలుగేళ్ల వయసులో ఉన్నత పాఠశాల మైదానంలో 400 మీటర్ల పందెం పరుగెత్తిన వ్యక్తి, యాభై ఏళ్లు దాటాక దానిని తలచుకొని ‘నేను పరుగెత్తాను’ అన్నప్పుడు, పరుగెత్తినవారూ తలచుకొంటున్నవారూ ఒకరేనా అన్న ప్రశ్న పైకి అనవసరమైనదిగా తోస్తుంది. కాని ఆత్మ ఉన్నదా లేదా అన్న విషయమై న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులకూ బౌద్ధులకూ శతాబ్దాల తరబడి సాగిన వాదంలో ఇది కీలకమైన ప్రశ్న. ఆనాటి శరీరం ఇప్పుడు లేదు. కండ, ఊపిరి, ఎత్తు, కంఠస్వరం అన్నీ మారిపోయాయి. ఆ పరుగును మళ్లీ పరుగెత్తడం ఈ శరీరానికి సాధ్యం కాదు. అయినా అది ఎవరి పరుగుగానో కాక ‘నా పరుగు’గానే స్ఫురిస్తుంది.

17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు, న్యాయ వైశేషిక దర్శనాలకు తొలి పాఠ్యగ్రంథంగా నేటికీ చదువుతున్న తర్కసంగ్రహంలో, కేవలం సంస్కారం వల్ల పుట్టే జ్ఞానాన్ని స్మృతి అన్నాడు. ఇంద్రియాల ఎదుట వస్తువు లేకపోయినా, పూర్వానుభవం మిగిల్చిన ముద్ర మేల్కొన్నప్పుడు కలిగే జ్ఞానం ఇది. ఈ దర్శనం చెప్పే 24 గుణాలలో సంస్కారం ఒకటి, అది మూడు విధాలు. కదలగల ద్రవ్యాలలో ఉండి చలనాన్ని కొనసాగించేది వేగం. వంచిన కొమ్మను తిరిగి మునుపటి స్థితికి తెచ్చేది స్థితిస్థాపకం. అనుభవం వల్ల పుట్టి, ఆత్మలో నిలిచి, స్మృతికి కారణమయ్యేది భావన. ముగింపు గీత దాటిన బాలిక మరి నాలుగడుగులు వేయనిదే ఆగలేకపోవడానికి కారణమైన వేగాన్నీ, నలభై ఏళ్ల తరువాత ఆమెకు ఆ గీత గుర్తుకు రావడానికి కారణమైన భావననూ ఒకే గుణం కింద చేర్చిన ప్రాచీనుల చూపు ఎంతో లోతైనది. రెండు చోట్లా, పుట్టించిన కారణం తొలగిపోయాక కూడా దాని ఫలం సాగుతూనే ఉంటుంది. అయితే వేగం శరీరాన్ని ఆశ్రయించి క్షణాలలో అణగిపోతుంది, భావన మాత్రం దశాబ్దాలు నిలుస్తుంది. అంతకాలం నిలిచేదానికి, శరీరంలా మారిపోని ఆశ్రయం కావాలన్నది ఈ దర్శనకారుల పట్టు.

కొన్ని సంస్కారాలు ఎందుకు బలంగా నాటుకుంటాయో వైశేషిక భాష్యకారుడు ప్రశస్తపాదుడు విచారించాడు. అనుభవం తీవ్రంగా ఉండటం, పదే పదే అభ్యసించడం, ఆదరంతో అంటే ఏకాగ్రమైన ఆసక్తితో గ్రహించడం అనే మూడు కారణాలను ఆయన చెప్పాడు. తీవ్రతకు ఆయన ఇచ్చిన ఉదాహరణ, ఒంటెను ఎన్నడూ చూడని దక్షిణ దేశీయుడు తొలిసారి దానిని చూడటం. అభ్యాసానికి ఇచ్చిన ఉదాహరణలలో విద్య, శిల్పాలతో పాటు వ్యాయామం కూడా ఉండటం గమనించదగింది. పాఠశాల పరుగు పందెంలో ఈ మూడూ ఒకేచోట కలుస్తాయి. ప్రార్థన గంటకు ముందే మైదానానికి చేరి పి.ఇ.టి. సారు విజిల్‌కు అలవాటుపడేలా నెలల తరబడి చేసిన సాధన అభ్యాసం. సున్నంతో గీసిన గీత వెనుక వంగి, ఆ ఒక్క శబ్దం కోసం ప్రాణమంతా చెవిలో పెట్టుకొని ఎదురుచూడటం ఆదరం. ఆపై నిమిషమో నిమిషంన్నరో ఛాతీ పగిలిపోతుందేమోననిపించే పరుగు తీవ్రత. నడివయసు దాటినవారు తమ పదో ఏటికీ ముప్పయ్యో ఏటికీ నడుమ జరిగినవాటినే ఎక్కువగా గుర్తుచేసుకుంటారని ఆధునిక మనోవిజ్ఞానం గుర్తించింది. అందుకు కారణాలు వెదికేవారికి ప్రశస్తపాదుని విభజన ఇప్పటికీ పనికివస్తుంది.

భావనకు ఆశ్రయం ఎవరన్న చోటనే బౌద్ధుల ఆక్షేపణ మొదలవుతుంది. ఉన్నదంతా క్షణికమనీ, మనిషి అనేది ఒక క్షణం మరొక క్షణాన్ని పుట్టిస్తూ సాగే సంతానమనీ, అంటే ఎడతెగని ప్రవాహమనీ వారు చెబుతారు. బౌద్ధ గ్రంథమైన మిళిందపన్హలో నాగసేన భిక్షువు, రాత్రంతా వెలిగే దీపాన్ని చూపి, మొదటి జాములోని జ్వాల, చివరి జాములోని జ్వాల ఒకటీ కావు, వేరూ కావు అని మిళింద రాజుకు బోధిస్తాడు. శిశువుగా ఉన్నవాడూ పెద్దవాడైనవాడూ అటువంటివారే. ఈ దృష్టిలో పరుగెత్తిన బాలుని అనుభవం తరువాతి క్షణాలకు సంక్రమిస్తూ వచ్చి వృద్ధునిలో స్మృతిగా విచ్చుకుంటుంది, నడుమ స్థిరమైన ఆత్మ అవసరం లేదు. మారిపోయిన శరీరం గురించి ఈ వివరణ చెప్పేది నిజం, దానిని తోసిపుచ్చడం తగదు.

అయితే నైయాయికుల ప్రత్యుత్తరం ఇంకా బలమైనది. కార్యకారణ సంబంధమొక్కటే స్మృతికి చాలితే, గురువు అనుభవం శిష్యునికి గుర్తుకు రావాలి కదా అని వారు అడిగారు. పి.ఇ.టి. సారు జ్ఞానమే విద్యార్థి కాళ్ల కదలికకు కారణం. చేతులు ఎలా ఊపాలో, మలుపులో ఒళ్లు ఎటు వంచాలో ఆయన నుంచే వచ్చింది. ఆయన తన బాల్యంలో పరుగెత్తిన పందెం మాత్రం ఏ శిష్యునికీ జ్ఞాపకంగా రాదు. ఒకే ప్రవాహంలోని క్షణాల మధ్యనే స్మృతి కలుగుతుందని బౌద్ధులు సమాధానమిస్తారు. ఆ ప్రవాహాన్ని పక్కదాని నుంచి వేరు చేసేదేమిటన్న ప్రశ్నకు మళ్లీ కార్యకారణాలే చూపవలసి రావడంతో వాదం మొదటికే వస్తుంది.

ఇందులో ధర్మానికి సంబంధించిన ముఖ్యమైన విషయం ఉంది. కర్త వేరు, భోక్త వేరు అయితే, చేసినదాని ఫలం నశించడం, చేయనిదాని ఫలం వచ్చిపడటం అనే కృతహాన, అకృతాభ్యాగమ దోషాలు వస్తాయన్నది ఆత్మవాదుల ఆక్షేపణ. పందెంలో తోటి విద్యార్థిని మోచేతితో నెట్టి ముందుకు పోయినవారికి యాభయ్యో ఏట కలిగే సిగ్గును తీసుకుంటే, అది న్యాయమైన సిగ్గేననీ, ఎవరో చేసిన తప్పుకు పడే బాధ కాదనీ మనస్సాక్షి ఒప్పుకుంటుంది. పాశ్చాత్య తత్త్వవేత్త జాన్ లాక్ 1694లో స్మరణ ఎంత దూరం చేరితే అంతవరకే ఒకే వ్యక్తి అన్న అర్థంలో రాశాడు. దానిని 1785లో మరో తత్త్వవేత్త థామస్ రీడ్ ఖండించాడు. మరచిపోయినంత మాత్రాన నెట్టినవారు వేరొకరు కారు గనుక ఇక్కడ రీడ్ పక్షమే సరైనది. స్మృతి ఏకత్వాన్ని తెలుపుతుందే గాని కల్పించదు.

స్మృతి ఎల్లప్పుడూ నిజం చెబుతుందని కూడా అనుకోరాదు. అన్నంభట్టు దానిని యథార్థం, అయథార్థం అని రెండుగా విభజించాడు. సరైన అనుభవం నుంచి పుట్టినది మొదటిది, పొరపాటు అనుభవం నుంచి పుట్టినది రెండవది. ఒకే పందెం పరుగెత్తిన ఇద్దరు మిత్రులు ఎవరు రెండవ స్థానంలో వచ్చారన్న దానిపై ముసలితనంలో వాదులాడుకోవడంలో వింతేమీ లేదు. పరుగులో ఉన్నవారికి ప్రక్క లేన్‌లోని నీడ తప్ప తమ స్థానం సరిగా కనిపించదు. గీత వద్ద నిలిచినవారు చెబితేనే అది తెలుస్తుంది, అంటే దానికి శబ్దం, అనగా నమ్మదగినవారి మాట, ప్రమాణం. ప్రయత్నం సంగతి వేరు. న్యాయసూత్రకర్త గౌతముడు ఆత్మకు గుర్తులుగా చెప్పిన ఆరింటిలో ప్రయత్నం ఒకటి; సుఖదుఃఖాల వలె అది మనస్సుకు నేరుగా ప్రత్యక్షమవుతుంది, దానికి ఇంకొకరి సాక్ష్యం అక్కరలేదు. మొదటి బహుమతి ఒక్కరికే దక్కినా, చివరి మలుపులో కాళ్లు బరువెక్కినప్పుడు కూడదీసుకున్న బలం, ఆ పందెంలో చివరన వచ్చిన విద్యార్థికి సైతం, ప్రశంసాపత్రం మీద పేరు లేకపోయినా, అంతే ప్రత్యక్షంగా, అంతే యథార్థంగా స్మృతికి వస్తుంది.