‘ఇద్దరూ తగ్గాలి’

పోయిన వానాకాలం బిజినేపల్లి వెళ్ళినప్పుడు పొలం మీద డ్రోన్ తిరగడం మొదటిసారి దగ్గర్నుంచి చూశాను. మా పక్క మడి వాళ్ళు మందు కొట్టడానికి కిరాయికి పిలిపించారు. గట్టు మీద నిలబడ్డ కుర్రాడు చేతిలో మీటలు తిప్పుతుంటే అది పెద్ద తుమ్మెదలా రొద చేస్తూ వరి మీద అటూ ఇటూ తిరిగింది. అంతకుముందే అతను కేకేసి కలుపు తీస్తున్న ఆడవాళ్ళను గట్టెక్కమన్నాడు. కొంగులు మూతికి అడ్డం పెట్టుకుని అందరూ పక్కకొచ్చారు. వాళ్ళలో ఒక అవ్వ తలెత్తి చూసి “అది మనల్ని జూస్తదా బిడ్డా?” అని నన్నడిగింది. “చూడదవ్వా, పొలాన్నే చూస్తుంది” అన్నాను. అన్నానే గానీ ఆ జవాబు నాకే సరిపోలేదు.

ఎందుకంటే ఇంకో అవ్వ సంగతి నాకు తెలుసు. 2012 అక్టోబర్ 24న, పాకిస్తాన్‌లోని ఉత్తర వజీరిస్తాన్‌లో, ఇంటి దగ్గరి చేలో బెండకాయలు కోస్తున్న ఆమెను అమెరికా డ్రోన్ చంపేసింది. ఆమెను ఎవరూ గట్టెక్కమనలేదు. మనవలు అక్కడే ఉన్నారు, గాయపడ్డారు. మరుసటి ఏడాది వాళ్ళలో ఇద్దరు తండ్రితో పాటు వాషింగ్టన్ వెళ్ళి అమెరికా చట్టసభ సభ్యుల ముందు మాట్లాడారు. నీలంగా ఉండే ఆకాశం ఇప్పుడు తనకు ఇష్టం లేదనీ, మబ్బు పట్టినప్పుడు డ్రోన్లు ఎగరవు గనక అదే నయమనీ మనవడు చెప్పాడు. మబ్బు కోసం ఎదురుచూడటం పాలమూరు వాళ్ళకు కొత్త కాదు. కానీ మనం చూసింది వాన కోసం.

ఇది అమెరికా పాపం అని రాసి ఊరుకోవచ్చు. ఇరాక్ యుద్ధం రోజుల నుంచీ మనం అలాంటి వ్యాసాలు చాలా రాశాం. రాయవలసినవే. కానీ పరాయి రాజ్యాన్ని తప్పుపడితే మనం పోగొట్టుకునేదేమీ ఉండదు. నాకు కష్టమైన ప్రశ్న మా ఊరికి వంద కిలోమీటర్ల పై చిలుకు దూరంలో, హైదరాబాద్‌లో ఉంది.

2018 డిసెంబర్‌లో అదానీ సంస్థ, ఇజ్రాయెల్ ఆయుధ కంపెనీ ఎల్బిట్ కలిసి అక్కడ డ్రోన్ల కర్మాగారం తెరిచాయి. హెర్మిస్ 900 అనే రకాన్ని ఇజ్రాయెల్ బయట తయారుచేసిన మొదటి చోటు అది. 2024 జనవరిలో అదే రకం డ్రోన్‌ను ‘దృష్టి’ అని పేరు పెట్టి మన నౌకాదళానికి అప్పగించారు. ఆ మరుసటి నెలలో, గాజా మీద యుద్ధం సాగుతుండగా, ఇక్కడ తయారైన ఇరవైకి పైగా డ్రోన్లు ఇజ్రాయెల్‌కు వెళ్ళాయని పత్రికల్లో వార్తలొచ్చాయి. మన ప్రభుత్వం బహిరంగంగా దాన్ని ధ్రువీకరించలేదు. దృష్టి అన్న మాట మా ఊళ్ళలో నలిగి నలిగి దిష్టి అయింది. పైనుంచి చూసే కన్ను ఎవరి మీద పడుతుందో అడిగే హక్కు మనకుందా లేదా?

2024 ఏప్రిల్ 1న ఇజ్రాయెల్ డ్రోన్లు గాజాలో అన్నం పంచే సంస్థ వాహనాల మీద దాడి చేసి ఏడుగురిని చంపాయి. అవి ఎక్కడ తయారయ్యాయో నేను చెప్పడం లేదు. నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 5న, జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలి ముందుకు ఒక తీర్మానం వచ్చింది. ఇజ్రాయెల్‌కు ఆయుధాలు అమ్మడం ఆపాలన్నది అందులో ఒక అంశం. 28 దేశాలు అవునన్నాయి, 6 కాదన్నాయి, 13 తటస్థంగా ఉన్నాయి. ఆ 13లో మనం ఉన్నాం.

మన దౌత్యవేత్తలు ఎప్పుడూ అలాగే చేశారనడం అన్యాయం. 1974లో పాలస్తీనా విమోచన సంస్థను అరబ్ దేశాలు కాని వాటిలో ముందుగా గుర్తించింది మనమే. 2023 అక్టోబర్ 27న సంధి కోరిన తీర్మానం మీద తటస్థంగా ఉండి, అందులో హమాస్ దాడి ప్రస్తావన లేదన్నారు. అక్టోబర్ 7న సుమారు 1,200 మందిని చంపిన ఆ దాడిని ఖండించకుండా స్త్రీవాదులం మనం కూడా నోరు విప్పకూడదు. ఆ డిసెంబర్‌లో కాల్పుల విరమణకు అనుకూలంగానే ఓటేశారు. 2025 జూన్‌లో మళ్ళీ తటస్థం, సెప్టెంబర్‌లో రెండు దేశాల పరిష్కారానికి మళ్ళీ అవును. ఓటు అటూ ఇటూ మారింది. కానీ మన చేతులకు నేరుగా తగిలే ప్రశ్న, ఆయుధాల ప్రశ్న వచ్చిన రోజున మౌనంగా ఉన్నాం. పైకి చెప్పే మాట మాత్రం ఎప్పుడూ ఒకటే: ఇరుపక్షాలూ సంయమనం పాటించాలి.

ఈ మాట నేను చిన్నప్పుడే విన్నాను. నేను ఐదో తరగతిలో ఉండగా మా చిన్నమ్మ పంచాయితీ పెట్టించింది. మొగుడు రోజూ తాగొచ్చి కొడుతున్నాడని. పెద్దమనుషులు వేపచెట్టు కింద కూర్చుని రెండు గంటలు విన్నారు. “ఇద్దరూ తగ్గాలె. ఆమె నోరు తగ్గించుకోవాలె, ఆయన చెయ్యి తగ్గించుకోవాలె” అన్నారు. అక్కడ కూర్చున్న నాకు అది న్యాయంగానే వినిపించింది. ఇంటికొచ్చి చిన్నమ్మ ఒకే మాట అంది: “తీర్పు చెప్పినాయనదే బెల్టుషాపు.”

తటస్థత మీద నేను చదివిన పుస్తకాలేవీ ఇంత సూటిగా చెప్పలేదు. నోరూ చెయ్యీ సమానం కావు గనక ఆ తీర్పు తప్పు. తీర్పరికి ఆ తాగుడులో రాబడి ఉంది గనక అది తీర్పే కాదు. ఊరికి తటస్థంగా కనిపించినవాడు నిజానికి ఆ కొట్లాటలో భాగస్వామి. ఆయుధం అమ్మే దేశం సంయమనం గురించి మాట్లాడినా అంతే.

‘అది వాళ్ళింటి విషయం’ అన్న గడపను దాటడానికి మన ఉద్యమాలకు దశాబ్దాలు పట్టింది. 2005 గృహహింస చట్టం 2006 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చాక గానీ నాలుగు గోడల మధ్య జరిగేది ఊరంతటి విషయం కాలేదు. దేశానికీ అలాంటి గడప ఒకటుంది. ఇజ్రాయెల్‌కు ఆయుధ ఎగుమతులు ఆపాలని కొందరు మాజీ అధికారులు, సామాజిక కార్యకర్తలు వేసిన పిటిషన్‌ను 2024 సెప్టెంబర్ 9న సుప్రీంకోర్టు కొట్టేసింది. విదేశాంగ విధానంలో తాము జోక్యం చేసుకోలేమంది. కోర్టుకు హద్దులుండవచ్చు. పౌరులకు కూడా ఉండాలా?

ఇదంతా రాస్తున్న నేను బయటిదాన్ని కాను. మా తమ్ముడు డిప్లొమా చదివి హైదరాబాద్ శివార్లలో విమాన భాగాలు చేసే ఒక చిన్న కార్ఖానాలో పనిచేస్తాడు. నా ఫెలోషిప్ ఆగిపోయిన రెండేళ్ళూ నా పీహెచ్‌డీ నడిచింది వాడి జీతంతోనే. వాదన పెరిగిన రోజు వాడు ఆ మాట అననే అన్నాడు. “నేను మానేస్తే ఇంకొకడు చేస్తడు. మరి నువ్వు తిన్నదాని సంగతేంది అక్కా?”

బోయవాడు అడిగినప్పుడు పాపంలో పాలు మాకొద్దని పెళ్ళాం పిల్లలు అన్నారట. ఆ కథ విన్నప్పుడల్లా మనం బోయవాడి జ్ఞానోదయాన్నే చూస్తాం. తిన్నవాళ్ళు పాలు లేదని ఎలా అనగలిగారు? నేను అనలేను. అందరి పాలూ సమానం కాదు. సంతకం పెట్టిన మంత్రిదీ, లాభం తీసుకున్న కంపెనీదీ, బోల్టు బిగించిన మా తమ్ముడిదీ ఒకటే అంటే అది మళ్ళీ ఆ పెద్దమనుషుల తీర్పే అవుతుంది. వాడు ఉద్యోగం మానాలని నేను అడగలేదు. తెలుసుకోమని అడిగాను. ఎక్కడికి ఏం పోతోందో చెప్పవలసిన బాధ్యత వాడి కంటే ముందు ఢిల్లీకి ఉంది. 2025 అక్టోబర్‌లో గాజాలో కాల్పుల విరమణ ఒప్పందం కుదిరేనాటికి అక్కడి ఆరోగ్యశాఖ లెక్కల్లో చనిపోయినవాళ్ళు 67 వేలు దాటారు. ఒప్పందం కుదిరినంత మాత్రాన ఈ ప్రశ్న పాతబడదు.

ఆ రాత్రి మా వాదనంతా అమ్మ గడప దగ్గర కూర్చుని విన్నది. అన్నం పెడుతూ వాణ్ణడిగింది: “నువ్వు జేసేటియి ఏడికి పోతయిరా?”

“ఎర్కలేదమ్మా” అన్నాడు.

“అడిగినవా?”

వాడు తల వంచుకుని తింటున్నాడు. నేనూ తింటున్నాను.