ఆకలి లేని చేప

నీసు ముట్టడం మానేసి పదకొండేళ్లయింది. గాలం మాత్రం మానలేదు. ఆదివారం తెల్లారుజామున కోదండరాముడి గోపురానికి ఒక దండం పెట్టి, స్కూటరుకు శనక్కాయ చెక్క సంచీ తగిలించుకొని ఒంటిమిట్ట నుంచి పెన్న వైపు పోతా. సోమశిల డ్యాం ఉండేది నెల్లూరు జిల్లాలో. నీళ్లు బాగా నిలిచిన ఏడు, దాని వెనక నీళ్లు మా మండలం దాకా ఎగదన్నుతాయి. పడిన చేపను పక్కనున్నోళ్లకు ఇచ్చేసి వస్తా. "తినేది లేనప్పుడు దాని ప్రాణం తీసేదెందుకు?" అని మా ఇంట్లో ఆమె అడుగుతానే ఉంటుంది. ముప్పై ఏళ్లు తెలుగు అయ్యవారుగా పిల్లోళ్ల సందేహాలు తీర్చినవాణ్ణి, దీనికి మాత్రం నోరు పెగలదు.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదుమహారాజుకు తన ఇరవైనలుగురు గురువులను చెబుతాడు. అందులో చేప ఒకటి. రుచికి లొంగి గాలానికి చిక్కి చస్తుంది. దాన్ని చూసి జిహ్వను గెలవడం నేర్చుకున్నానంటాడు. పోతన మావాడేనని మా ఊరు, కాదు బమ్మెరవాడని ఓరుగల్లు వాళ్లు ఇప్పటికీ వాదులాడుకుంటారు గానీ, తెలుగులో ఆ స్కంధం అసలు పోతన చేతిది కాదు, శిష్యుడు వెలిగందల నారయది. ఈ చేప పాఠం ఏళ్ల తరబడి చెప్పినా. జిహ్వ అన్న మాట కింద గీత కూడా గీయించినా.

ఆ గీత తప్పు చోట పడిందేమోనని మొన్న అనుమానం వచ్చింది. మేనల్లుడు సియాటిల్‌లో ఉంటాడు. సెలవు రోజుల్లో తోటి ఉద్యోగులతో స్కాజిట్ నదికి పోయి స్టీల్‌హెడ్ అనే చేపను పట్టడం నేర్చుకుంటున్నాడు. పదమూడడుగుల కర్ర, రెండు చేతులా పట్టి విసరాలి. ఎర ఉండదు. ఈకలు, దారం చుట్టి కట్టిన ఉత్తుత్తి పురుగు అంతే. ఏటికి అడ్డంగా, కాస్త దిగువకు వేస్తే ప్రవాహమే దాన్ని ఈ ఒడ్డు వైపు తిప్పుకొస్తుంది. రెండడుగులు దిగువకు జరిగి మళ్లీ వేయడం. "తాడు చిక్కు పడతాంటే ఎవరో ముసలాయన వచ్చి నా మోచేయి పట్టుకొని పక్కటెముకలకు ఆనించి పోయినాడు మామా. ఒక్క మాట మాట్లాడలే. అప్పట్నుంచి సాఫీగా పోతాంది" అన్నాడు. పడినదానికి తోక దగ్గర వీపు మీద చిన్న కొవ్వు రెక్క ఉంటే అది ఏటి చేప, వదిలేయాల్సిందే. హేచరీలో పెంచిన చేపలకు ఆ రెక్క పిల్లప్పుడే కత్తిరిస్తారు. వదిలితే పాపం పోతుందని నేననుకోను. కొక్కెం దిగిన నోరు దిగిందే. కానీ నాకు పట్టుకున్న ప్రశ్న వేరు. ఎర లేనప్పుడు అది ఈకను కరిచేదెందుకు?

ఆ చేప ఏట్లో పుట్టి, రెండు మూడేళ్లు పురుగులు తిని పెరిగి, సముద్రానికి పోయి బలిసి, గుడ్లు పెట్టను పుట్టిన ఏటికే తిరిగొస్తుంది. వచ్చినాక మేత దాదాపు ముట్టదు. అయినా ఈకను కరుస్తుంది. కోపమని కొందరు, పిల్లప్పటి అలవాటని కొందరు అంటారట. నాకు రెండో మాట పట్టింది, దానికి మన దగ్గర పాత పేరొకటి ఉంది గనక: పూర్వవాసన. ఆకలి పొట్టది, రుచి నాలుకది. రెండూ తీరిపోయినాక కూడా నోరు తెరిపించేది వాసన. అవధూతను తప్పు పట్టేంతవాణ్ణి కాదు, ఆయన చూసింది ఆకలిగొన్న చేపను. నాలుకను గెలిస్తే అన్నీ గెలిచినట్టే అంటాడు ఆయన. నేను గెలిచి పదకొండేళ్లు. ఆదివారం తెల్లారితే చెయ్యి గాలం వెతుక్కుంటుంది.

ఇదంతా సాయబన్నతో అనలేదు. నాకు గాలం నేర్పింది ఆయనే. పిలిస్తే మా ఒంటిమిట్ట రాముడు పలికినాడని ఇమాం బేగ్ తవ్వించిన బావి కథ కూడా ఆయన నాకంటే బాగా చెబుతాడు. ఆయన నేర్పిన లెక్క ఇది: బొచ్చె పైపైన మేస్తుంది, రాగండి నడిమిన, ఎర్రమోసు అడుగున. బెండు ఎంత ఎత్తున కట్టాలో దాన్ని బట్టి. "బెండు ఊగినంత మాత్రాన లాగొద్దు అయ్యోరా, మూతి పెట్టి చూస్తాంటాది. పక్కకు నడిచినప్పుడు లాగల్ల."

పోయిన నెల చెక్క ఉండ తీసేసి కప్పపిల్లను గుచ్చినాడు. ఏ గుర్తూ లేని నీళ్ల మీదికి, చూసుకోకుండానే విసిరినాడు.

"ఆడ బావి గట్టుంది. రాళ్ల సందుల్లో కొర్రమేను ఉంటాది."

"నీకెట్ల తెలుసన్నా?"

"మాదే గదా. ముంపులో పాయె" అని బెండు వైపే చూస్తా కూర్చున్నాడు.

ఆ పూట ఏమీ పడలేదు. ఎండెక్కినా ఆయన లేవలేదు. నేనూ లేవలేదు.